కింది నుంచి చూసిన మెట్లు

అనంతపురం,
8 జూలై.

మామకు జయంతి నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. మా హాస్టల్ వార్డెన్ నాగలక్ష్మమ్మ గారు సోమవారం పొద్దునే ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆదివారం అరగంట ఇస్తారు. ఆ అరగంట అమ్మకే చాలదు. నువ్వు బళ్ళారి వెళ్ళి మూడేళ్ళవుతున్నా మనం తీరిగ్గా మాట్లాడుకున్నదే లేదు కదా, అందుకని కాగితం పట్టుకున్నాను. పైగా ఈ మధ్య నాకు రాయడం మీద మోజు పుట్టింది. ఒక మాట రాసి, కొట్టేసి, అంతకంటే సరైన మాట దొరికేదాకా పెన్ను కొరుకుతూ కూర్చుంటున్నాను. ఈ ఉత్తరానికి ఇది మూడో ప్రతి.

పాలిటెక్నిక్ అయిపోయింది. ఇక్కడ కంప్యూటర్‌లో నమూనాలు గీసే క్యాడ్ శిక్షణలో చేరాను. అమ్మ ఉద్యోగం కోసమని అనుకుంటోంది. నీకు మాత్రం నిజం చెబుతాను. ఆ రాతి ఫ్యాక్టరీ యజమాని నారాయణను దెబ్బ కొట్టడానికి నేర్చుకుంటున్నాను.

నాయనను పనిలోంచి తోసేసిన రోజు నువ్వు ఫ్యాక్టరీలో ఉన్నావు. నేను ఇంట్లో ఉన్నాను. నేను చూసింది నీకు తెలియదు. నాయన మధ్యాహ్నం రెండింటికే ఇంటికి వచ్చి, చేతులకున్న రాతి బూడిద కడుక్కోకుండానే గడప మీద కూర్చున్నాడు. అమ్మ ఏమైందని అడిగితే, "నలభైరెండు మెట్లు తిరగబడినాయంట. నేను తాగొచ్చి బండ మీద అచ్చు పేపరు తిరగేసి పరిచినానంట. ఒకసారి గాదు, నలభైరెండుసార్లు" అన్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఇరవై రెండేళ్ళు ఆ కటింగ్ మిషన్ మీద నిలబడిన మనిషి. కుడికి తిరుగుతూ పైకెక్కాల్సిన కళ్యాణమండపం మెట్లు ఎడమకు తిరిగేలా కోశాడని, నల్లరాయంతా పాడు చేశాడని బయటికి తోసేశారు. ఒకవైపే పాలిష్ కాబట్టి బోర్లించి వాడుకోవడానికీ లేదు. తాడిపత్రిలో ఇంకే ఫ్యాక్టరీ ఆయన చేతికి మిషన్ ఇవ్వలేదు. ఇప్పుడు లారీలకు బండలు ఎత్తుతున్నాడు. టీ కొట్టు దగ్గర పిల్లకాయలు కూడా తిరగమెట్ల ఓబుళేసు అంటారు.

ఆ మెట్ల బొమ్మ కంప్యూటర్‌లో గీసింది నువ్వే. నువ్వు గీసింది సరిగ్గానే ఉందనీ, నారాయణ మనుషులే ప్రింటు తిరగేసి తీశారనీ నువ్వు చెప్పావు. మా ఇంట్లో ఆ మాటే నిలిచిపోయింది. రెండు నెలలకు నువ్వు కూడా ఆ కొలువు వదిలేశావు. బావకు అన్యాయం చేసిన చోట పని చేయనని వెళ్ళిపోయిన మనిషివి నువ్వు. అందుకే అడుగుతున్నాను. ఈ అక్షాలు, చూపులు నాకు తికమకగా ఉన్నాయి. ఉత్తరాల్లో నేర్పించు. ఏం చేయాలో నేను తర్వాత ఆలోచించుకుంటాను.

నీ మేనకోడలు,
జయంతి.


బళ్ళారి,
19 జూలై.

చిరంజీవి జయంతికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి పక్క టేబుల్ వాళ్ళు నాకేదో కోర్టు నోటీసు వచ్చిందనుకున్నారు. పొద్దున టిఫిను ఉగ్గాని పొట్లం తప్ప నేను చేతిలో కాగితం పట్టుకుని చాలా రోజులైంది.

పాఠం చెబుతాను. క్యాడ్‌లో రెండు వేరు వేరు సంగతులున్నాయి, కలపకు. ఒకటి కొలత ఎక్కడ మొదలవుతుంది, ఏ దిక్కుగా పోతుంది అన్నది. రెండోది నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావు అన్నది. మొదటిదాన్ని యూసీఎస్ అంటాం, రెండోది వ్యూ.

మీ హాస్టల్ గది అనుకో. గది మూల ఒకటి ఉంది, గోడలు ఉన్నాయి. అది ఎవరు వచ్చినా మారదు. దాన్ని వరల్డ్ అంటారు. నీ మంచం కొంచెం ఓరగా వేసుకున్నావనుకో. మంచం మీద దుప్పటి పరవాలంటే గది మూల నుంచి కొలవవు, మంచం మూల నుంచి కొలుస్తావు. అది నీ సొంత యూసీఎస్. నీకు కావలసినట్టు జరుపుకోవచ్చు, తిప్పుకోవచ్చు, పని అయ్యాక వరల్డ్‌కు తిరిగి రావాలి. ఇక వ్యూ అంటే, పైకప్పులో నుంచి చూస్తే గది ఒకలా కనిపిస్తుంది, గాజు నేల వేసి కింది నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. గది మాత్రం కదలలేదు, కదిలింది నువ్వే.

తెర మూలలో మూడు బాణాల గుర్తు ఒకటి ఉంటుంది. నువ్వు ఏ దిక్కున ఉన్నావో చెప్పేది అదొక్కటే. అడ్డంగా ఉందని చాలామంది దాన్ని ఆపేస్తారు. నువ్వు ఎప్పుడూ ఆపొద్దు.

నారాయణ సంగతి వదిలెయ్ పాపా. మీ నాయన మర్చిపోయినాడు. నువ్వెందుకు మోస్తావు. మా ఊరు కంబదూరులో ఈసారైనా వాన పడిందా? శనక్కాయ వేశారో లేదో మీ అమ్మను అడిగి రాయి.

మీ మామ,
మల్లికార్జున.


అనంతపురం,
2 సెప్టెంబర్.

మామకు,

నీ గది పాఠం మా క్లాసులో నేనే అందరికీ చెప్పాను. మాకు క్యాడ్ చెప్పే వెంకటేశులు సార్ విని, "ఇంత సులువుగా నాకు గూడా తెలీదే" అన్నాడు. ఇప్పుడు నేను కళ్ళు మూసుకుని కూడా యూసీఎస్ తిప్పగలను. కంబదూరులో వాన లేదు. విత్తనం మట్టిలోనే వేగిపోయిందని అమ్మ చెప్పింది. నాయన మర్చిపోయాడని రాశావు. ఆయన మర్చిపోలేదు మామా, మాట్లాడడం మానేశాడు.

అసలు సంగతికి వస్తాను. నారాయణ మా శిక్షణ కేంద్రానికి వచ్చాడు. నువ్వు వెళ్ళిపోయాక ఆ ఫ్యాక్టరీకి గీసే మనిషి నిలవడం లేదట. మా సార్ బయటి పనులు తీసుకుంటాడు. కొత్త మండపానికి అరవై మెట్లు, పాత నమూనాలోనే కావాలని అడిగాడు. సార్ నన్ను చూపించి, ఈ పాప గీస్తుందన్నాడు.

నారాయణ నన్ను పైనుంచి కిందికి చూసి, "యా ఊరు పాపా?" అన్నాడు.

"తాడిపత్రి సార్."

"మనూరే. ఎవరి పాపవు?"

"లక్ష్మీదేవి కూతుర్ని. కంబదూరోళ్ళం" అన్నాను. అబద్ధం కాదు, అమ్మ పేరు చెప్పి నాయన పేరు మింగేశాను.

"జాగర్తగా గియ్యల్ల సూడు. ముందు ఒగడుండె నా దగ్గర, ఓబుళేసని. కుడేదో ఎడమేదో తెలీనోడు. వాడు కోసిన బండలు ఇంకా నా దొడ్లోనే పడుండాయి. కుక్కలు పండుకుంటాండాయి వాటి మీద" అని నవ్వాడు. సార్ కూడా మర్యాదకు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, నీ కొత్త అరవై బండలు కూడా ఆ కుక్కలకే అనుకున్నాను.

వాడు మనకు చేసిందే వాడికి చేస్తాను. అరవై మెట్లనూ తిప్పేస్తాను. అయితే ఒక చిక్కు వచ్చింది. గీతను అద్దంలోలా తిప్పితే అంకెలు, అక్షరాలు కూడా తిరగబడతాయి. ప్రింటు తిరగేసి తీసినా అంతే. చూసిన మొదటి మనిషే పట్టేస్తాడు. మరి ఆనాటి పేపరు మీద అంకెలు ఎలా ఉండేవి అని ఆదివారం ఫోన్‌లో నాయనను అడిగాను. "నేరుగానే ఉండె పాపా. ఒకటి, రెండు, మూడు అని సదువుకుంటానే కోసినా" అన్నాడు. పేపరు మిషన్ నీళ్ళలో నాని పోయింది కాబట్టి చూడడానికి లేదు.

అంకెలు నేరుగా ఉండి గీత తిరగబడడం ఎలా మామా? నారాయణ మనుషులు అది ఎలా చేశారో నీకు తెలిసి ఉండాలి. నాకు ఆ పద్ధతే కావాలి. అదే కత్తితో పొడవాలి.

జయంతి.


బళ్ళారి,
12 సెప్టెంబర్.

జయంతికి,

ఆ పని చేయొద్దు.

మీ నాయన మిషన్ మీద ఇప్పుడు నిలబడేది కుళ్ళాయప్ప. ఇద్దరు పిల్లలు. నువ్వు తిప్పిన మెట్లు కోసేది అతను. మెట్లు కూర్చోకపోతే నారాయణ క్యాడ్ ఫైలు తెరిచి చూడడు, కుళ్ళాయప్ప నోరు వాసన చూస్తాడు. నింద ఎప్పుడూ రాయి కోసినవాడి మీదికే వస్తుంది, గీసినవాడి మీదికి రాదు. ఇది నాకు తెలుసు.

అయినా నీ వల్ల కాదు. కింది నుంచి చూపు పెట్టినా అక్షరాలు తిరగబడకుండా ఉండాలంటే చాలా తతంగం ఉంది. మీ సార్ చూస్తాడు. ఉన్న శిక్షణ పోతుంది.

నీకు ఒక మంచి మాట చెప్పాలి. నాకు సంబంధం కుదిరింది. పాలిషింగ్ మేస్త్రీ పుల్లన్న కూతురు రేఖ. పుల్లన్న నీకు తెలుసు కదా, అదే ఫ్యాక్టరీ. కార్తీకంలో నిశ్చితార్థం. ఈ సమయంలో ఆ పాత గొడవ తవ్వితే అందరికీ ఇబ్బంది. అక్క సంతోషంగా ఉంది, ఉండనివ్వు.

మామ.


అనంతపురం,
25 సెప్టెంబర్.

మల్లికార్జున గారికి,

మీ ఉత్తరంలో ఒక మాట నిజం. కుళ్ళాయప్ప సంగతి నేను ఆలోచించలేదు. తిప్పి పెట్టుకున్న ఫైలు తుడిచేశాను. అరవై మెట్లూ సరిగ్గా గీసి ఇచ్చాను.

ఇంకో మాట దగ్గర ఆగిపోయాను. నేను అద్దంలోలా తిప్పడం గురించి రాశాను, ప్రింటు గురించి రాశాను. కింది నుంచి చూపు పెట్టడం గురించి ఎక్కడా రాయలేదు. నా దగ్గరున్న చిత్తు ప్రతులన్నీ తీసి చూసుకున్నాను. ఆ మాట మీదే.

పాత నమూనా అని చెప్పాడు కదా నారాయణ, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో సార్‌కు ఇచ్చి వెళ్ళాడు. నేను కొత్తది మొదటి నుంచి గీసుకున్నాను కాబట్టి దాన్ని తెరవలేదు. మీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం తెరిచాను.

చూడడానికి అంతా చక్కగా ఉంది. నలభైరెండు మెట్లు, ప్రతి మెట్టు మీద అంకె, పక్కన కొలతలు. అంకెలు నేరుగా ఉన్నాయి. మెట్లు ఎడమకు తిరుగుతున్నాయి. మూలలో బాణాల గుర్తు లేదు. ఆపేసి ఉంది. దాన్ని వెలిగించి, యూసీఎస్‌ను వరల్డ్‌కు తెచ్చాను. పైకి చూడాల్సిన మూడో బాణం చుక్కల గీతగా కనిపించింది. అంటే నేను బొమ్మను కింది నుంచి చూస్తున్నాను. గాజు నేల కింద నుంచి.

ఇక పై నుంచి చూపించమని అడిగాను. బొమ్మ ఒక్కసారి తిరిగింది. మెట్లు కుడికి వచ్చాయి. అంకెలు వెనక్కి తిరిగాయి. అక్షరాలన్నీ నాకు వీపు చూపిస్తూ నిలబడ్డాయి. కింది నుంచి చూస్తూ, యూసీఎస్‌ను ఆ చూపుకే తిప్పి, దాని మీద రాసినవాడికి తప్ప అలా రావు. అది చేసింది ప్రింటు తీసిన మనిషి కాదు, గీసిన మనిషి.

సార్‌ను పిలిచి చూపించాను. "ఎవరమ్మా ఇది గీసినోడు?" అన్నాడు. "నాకు క్యాడ్ నేర్పించిన మనిషే సార్" అన్నాను.

మూడేళ్ళుగా నేను నారాయణ చావు కోరుకుంటూ నిద్రపోయాను. ఇప్పుడు ఆ కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలిసింది. పొరపాటు ఎవరైనా చేస్తారు, నేను అడిగేది అది కాదు. మా నాయన గడప మీద కూర్చున్న ఆ మధ్యాహ్నానికి మీకు ఇది తెలుసా, తెలియదా? ఒక్క మాట రాయండి.

జయంతి.


బళ్ళారి,
6 అక్టోబర్.

జయంతీ,

గారు అనకమ్మా.

తెలుసు. రాస్తాను, అబద్ధం లేకుండా రాస్తాను.

మెట్ల కింద ఇనుప ఆసరాలు ఎక్కడ రావాలో గీయాల్సి వచ్చింది. అందుకు కింది నుంచి చూస్తూ పని చేశాను. ఆసరాల పేర్లు రాయడానికి యూసీఎస్‌ను చూపుకు తిప్పుకున్నాను. రెండు రోజులు అలాగే పని జరిగింది. మూడో రోజు మెట్లకు అంకెలు వేసి, అచ్చులు ప్రింటు తీసి ఇచ్చాను. నేను కింద ఉన్నానన్న సంగతి మర్చిపోయాను. గుర్తు నేనే ఆపేశాను, బొమ్మకు అడ్డమొస్తోందని.

మండపంలో మెట్లు కూర్చోలేదని కబురు వచ్చిన పొద్దునే ఫైలు తెరిచాను. చూసిన క్షణమే తెలిసింది. నారాయణ వచ్చి, "ఏమప్పా మల్లీ, నీ బొమ్మ సరిగుండాదా?" అన్నాడు. అక్షరాలున్న పొరను కనపడకుండా ఆపేసి, పై నుంచి చూపు పెట్టి, "ఇదిగో సార్, కుడికే తిరుగుతాంది" అని చూపించాను. ఆయన నేరుగా మిషన్ దగ్గరికి పోయాడు. ఆ మార్పు సేవ్ చేయకుండా ఫైలు మూసేశాను. అందుకే అది నీకు అలాగే దొరికింది.

బావను తోసేస్తుంటే కిటికీలోంచి చూశాను. కంబదూరులో పంట పోయిన ఏడాది నన్ను చేయి పట్టుకుని తాడిపత్రి తెచ్చింది బావే. ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టమని నారాయణను బతిమాలింది బావే. ఆ రాత్రి మీ ఇంట్లో అన్నం తింటూ ప్రింటు కథ చెప్పాను. ఎలా చెప్పగలిగానో నాకే తెలియదు. మీరు నమ్మారు. నమ్మాక ఇక అక్కడ ఉండలేకపోయాను. నేను బావ కోసం కొలువు వదిలేయలేదు జయంతీ, పారిపోయాను.

నిన్ను కోరేది ఒకటే. నిశ్చితార్థం అయ్యేదాకా ఆగు. పుల్లన్న మాటకు ప్రాణం ఇచ్చే మనిషి. పెళ్ళయ్యాక నేనే చెప్పుకుంటాను. ఈలోపల బావకు ఇక్కడ మంచి పని చూస్తాను. అక్కకు చెప్పకు.

మల్లికార్జున.


అనంతపురం,
14 అక్టోబర్.

మల్లికార్జున గారికి,

పెళ్ళయ్యాక అన్నారు. పుల్లన్న వెనక్కి పోలేని రోజు చూసుకుని చెబుతారన్న మాట. మా నాయన తర్వాత ఇంకో మనిషిని కూడా మీ తిరగబడిన మెట్ల మీద నిలబెట్టి.

అక్టోబర్ 28, సోమవారం. పొద్దున షిఫ్టు మారే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రండి. లోపలికి పోయేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు ఒకేసారి ఉంటారు. ఏ మనుషుల ముందు మా నాయనను తోశారో వాళ్ళ ముందు మీ నోటితో చెప్పండి. నాయన అక్కడ ఉంటాడు. ఎందుకో ఆయనకు చెప్పను.

మీరు రాకపోతే నేను చెబుతాను. మీరు ఉత్తరం చాలా వివరంగా రాశారు.

జయంతి.


బళ్ళారి,
22 అక్టోబర్.

జయంతీ,

రాలేను. టిక్కెట్ కొన్నాను, చించేశాను. పుల్లన్న ముఖం చూడలేను, బావ ముఖం అసలే చూడలేను. చిన్నప్పుడు నిన్ను భుజాన మోసుకుని కంబదూరు సంతకు తీసుకుపోయిన మామను. ఒక్క నెల ఇవ్వు.

మల్లి.


తాడిపత్రి,
2 నవంబర్.

మామకు,

నీ నెల నేను ఇవ్వలేదు. ఏం జరిగిందో నీకు ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. మళ్ళీ నువ్వు అని రాస్తున్నాను, చూశావా. కోపం చల్లారి కాదు. గారు అంటే దూరం మనిషివి అవుతావు. దూరం మనిషి ఇలా చేస్తే నాకింత కాలదు.

నాయనను లారీ పని దగ్గర్నుంచి పిలుచుకుని గేటు దగ్గరికి పోయాను. "ఈడికెందుకు పాపా?" అని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. వెంకటేశులు సార్ అనంతపురం నుంచి ల్యాప్‌టాప్ తెచ్చాడు. ముందు ఫైలు చూపించాను. కింది నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి. గీత అర్థం కానివాళ్ళకు కూడా వెనక్కి తిరిగిన అక్షరాలు అర్థమయ్యాయి. తర్వాత నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. భుజాన మోసుకుపోయానని నువ్వు రాసిన ఉత్తరం చదవలేదు, అది నాది.

కారు దిగి నారాయణ వచ్చాడు. అంతా విన్నాడు. నేను ఎవరి కూతురినో అప్పుడు తెలిసింది ఆయనకు. "ఇట్లయిందా. సరేలే ఓబుళేసూ, పొరపాటైపోయింది. రేపట్నుంచి మిషన్ మీదికి రా" అన్నాడు.

నాయన నోరు తెరిచాడు. మూడేళ్ళలో ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. "తాగొచ్చినాడని అంటివే. అది గూడా పొరపాటేనా?"

నారాయణ కారు వైపు తిరగబోయాడు.

"ఇంతమందిలో అంటివి. ఇంతమందిలో వాపసు తీసుకో."

నారాయణ నేల చూస్తూ, "తాగలేదులే" అన్నాడు.

కుళ్ళాయప్ప వెనకనుంచి, "వినపళ్ళేదు సార్, ఈడ మిషన్ రొద ఎక్కువ" అన్నాడు. మిషన్లు అప్పటికి ఆపేసి ఉన్నాయి. జనం నవ్వారు. నారాయణ మెడ ఎర్రబడింది. "ఓబుళేసు ఆ పొద్దు తాగి రాలేదు, బండలు సరిగ్గానే కోసినాడు" అని అరిచినట్టుగా చెప్పాడు. నేను మూడేళ్ళు కోపం దాచుకున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. చెవులారా విన్నాను.

"నీ మిషన్ నాకొద్దు. ఆ మిషన్ కుళ్ళాయప్పది" అన్నాడు నాయన. నిన్న సాయంత్రం వేరే ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికి మనిషిని పంపారు. సోమవారం నుంచి పోతాడు.

ఆఖరున పుల్లన్న ముందుకొచ్చాడు. "ఆ కాగితం ఒకతూరి ఇయ్యమ్మా" అని అడిగి, చివర నీ సంతకం చూసుకుని, మడతలు పోకుండా తిరిగిచ్చాడు. పనిలోకి పోకుండా సైకిల్ ఎక్కి ఇంటికి పోయాడు. నిశ్చితార్థం మాట ఆయనే నీకు చెబుతాడు. నేను అడగలేదు.

ఇక అమ్మ. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. నాయనతో మాత్రం అంటోంది, "వాడు తప్పు చేసినాడు, నిజమే. తోడబుట్టినోడని నాకున్నది వాడొగడే. నీ కూతురు వాణ్ణి లేకుండా చేసింది" అని. ఏడుస్తూ సంగటి కెలుకుతోంది. ఆమె అన్నది నిజమే, చేశాను. తెలిసే చేశాను. మళ్ళీ చేయమన్నా చేస్తాను.

నిన్న అన్నం దగ్గర నాయన అమ్మతో అన్నాడు. "మల్లి ఎప్పుడన్నా వస్తే అన్నం పెట్టు. పెట్టొద్దనేదానికి నేనెవర్ని. నేనింట్లో లేనప్పుడు పెట్టు, అంతే."

ఆయన అంతటితో వదిలేశాడు. నేను వదలను. నువ్వు వచ్చిన రోజు అమ్మను వంటింట్లోనే ఉండమంటాను. పీట వేసి, ఆకు పరిచి, నేనే వడ్డిస్తాను. నీ ఎదురుగా కూర్చుని, ఆ ఇంట్లో నీకు ముద్ద ఎలా దిగుతుందో కడదాకా చూస్తాను.

ఎప్పుడు వస్తావో రాయి.

జయంతి.